చూసింది చూసినట్టు: మన వారసత్వాన్ని ఎవరి కళ్లతో చదువుతున్నాం?

మీలో చాలామంది అమరావతి వెళ్లి వచ్చి ఉంటారు. కొందరు నాగార్జునకొండకు లాంచీలో వెళ్లి ఉంటారు. విశాఖ దగ్గర తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ చూసినవాళ్లూ ఉంటారు. అక్కడ నిలబడి ఫోటో తీసుకుని, దాని కింద నాలుగు మాటలు రాసి, బంధువులకూ స్నేహితులకూ పంపి ఉంటారు. అది కూడా యాత్రా రచనే. చిన్నదే కావచ్చు. కానీ ఆ చోటు ఎప్పుడూ చూడని మీ మేనత్తకో, దూరాన ఉన్న మీ స్నేహితుడికో ఆ నాలుగు మాటలే ఆ చోటు.

అందుకే ఈసారి ఒక ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. ఒక చోటు గురించి, అక్కడి మనుషుల గురించి రాసేవాళ్ల బాధ్యత ఏమిటి? ఆ రాతలు చదివి "మేం ఫలానా వాళ్లం" అని చెప్పుకునే మన బాధ్యత ఏమిటి? ఇది పొద్దుపోక వేసుకునే ప్రశ్న కాదు. మన ధమ్మం ఈ నేలమీద ఉండేదన్న సంగతే మనం చాలా వరకు ప్రయాణికుల పుస్తకాల వల్ల తెలుసుకున్నాం. మనల్ని ఊరి బయట పెట్టారన్న సంగతి కూడా ఆ పుస్తకాల్లోనే ఉంది.

పక్కనే ఉన్నా తెలియని దిబ్బలు

అమరావతి మహాచైత్యం ఉన్న చోటును రెండు వందల ఏళ్ల కిందట జనం దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర అక్కడి జమీందారు కొత్త ఊరు కట్టుకుంటూ, రాయి కోసం ఆ దిన్నెను తవ్వించాడు. బొమ్మలు చెక్కిన పలకలు బయటపడ్డాయి. కొన్ని గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. కొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. 1797లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. అవి బౌద్ధులవని ఆయనకూ తెలియలేదు. జైనులవేమో అనుకున్నాడు.

భట్టిప్రోలులో ఇంకో దిబ్బ. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్విస్తే రాతి పేటికలు దొరికాయి. వాటిమీద బ్రాహ్మీ అక్షరాలు, లోపల బుద్ధ భగవానుని ధాతువులు. అంతకుముందు ఆ దిబ్బను ఊళ్లో ఏమనేవారో తెలుసా? లంజదిబ్బ. రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ దాచిపెడితే అబద్ధం అవుతుంది. కృష్ణా తీరంలో ఇంకొన్ని స్తూపాల దిబ్బలకూ అదే పేరు ఉండేది. బొజ్జన్నకొండ మీద ఒక రాతి ఆకారాన్ని రాక్షసుడనుకుని కనుమ పండగ రోజున రాళ్లు విసిరే అలవాటు మొన్నమొన్నటిదాకా సాగింది.

ఆ పేరు పెట్టినవాళ్లను, రాళ్లు విసిరినవాళ్లను తిట్టడం కోసం ఈ మాట ఎత్తలేదు. వాళ్లలో మన తాతలూ ఉండి ఉంటారు. తన ఇంటి పెద్దల అస్థికల దిబ్బను తానే బూతు మాటతో పిలిచే స్థితికి ఒక జాతి ఎలా వస్తుంది? రాత పోయినప్పుడు వస్తుంది. విహారంలో చదివేవాడు పోయాడు, తాళపత్రం పోయింది, రాతి మీది అక్షరం ఉన్నా దాన్ని చదవగలిగేవాడు లేడు. అప్పుడు ఆ చోటుకు దారినపోయేవాడు పెట్టిందే పేరైంది.

పేరు కూడా ఒక రాతే సుమా. తరతరాలు నోటితో దిద్దిన రాత.

నడిచి వచ్చినవాళ్ల పుస్తకాలు

మనం పోగొట్టుకున్నదాన్ని ఎవరు దాచిపెట్టారు? వేల మైళ్ల అవతలి నుంచి నడిచి వచ్చిన భిక్కులు.

ఫాహియాన్ 399లో చైనాలోని చాంగాన్ నుంచి బయలుదేరాడు. తమ దేశంలో వినయ గ్రంథాలు అరకొరగా ఉన్నాయని, పూర్తి ప్రతులు తేవాలని ఆయన పట్టుదల. ఎడారులు, మంచు కొండలు దాటి వచ్చి, సింహళం మీదుగా ఓడలో తిరిగి వెళ్లాడు. రెండు వందల ఏళ్ల తరువాత హ్యూయాన్‌త్సాంగ్ వచ్చాడు. నలందలో శీలభద్రుని దగ్గర చదువుకుని, దేశమంతా తిరిగి, 645లో 657 గ్రంథాలతో ఇల్లు చేరాడు. మరుసటి ఏడు తన ప్రయాణాన్ని పుస్తకంగా ఇచ్చాడు.

ఆయన మన దగ్గరికీ వచ్చాడు. వేంగిని చూశాడు, ధాన్యకటకాన్ని చూశాడు. ఇక్కడి మాట మధ్యదేశపు మాటకు వేరనీ, అక్షరాల రూపం మాత్రం దాదాపు ఒకటేననీ రాశాడు. ధాన్యకటకంలో విహారాలు చాలా ఉన్నా ఎక్కువ పాడుబడ్డాయనీ, ఇరవై దాకా మిగిలాయనీ, వాటిలో వెయ్యిమంది భిక్కులు ఉన్నారనీ రాశాడు. నగరానికి తూర్పున పూర్వశైల విహారం, పడమట అపరశైల విహారం అని గుర్తులు చెప్పాడు.

పన్నెండు వందల ఏళ్ల తరువాత ఆ గుర్తులే దారి చూపించాయి. 19వ శతాబ్దంలో ఈ రెండు పుస్తకాలూ ఫ్రెంచిలోకి, ఇంగ్లీషులోకి వచ్చాయి. 1861లో పురావస్తు సర్వే పని చేపట్టిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ వాటిని చేత్తో పట్టుకుని ఉత్తర భారతమంతా నడిచాడు. ఫలానా నది నుంచి ఇన్ని లీల దూరం, ఈ దిక్కున స్తూపం, ఆ పక్కన చెరువు అని చైనా భిక్కు రాసిన లెక్కతో కొలుచుకుంటూ వెళ్లాడు. జనం బడగావ్ అంటున్న ఊరి పక్కన నలంద ఉందన్నాడు. సహేత్-మహేత్ అంటున్నది శ్రావస్తి అన్నాడు. కాసియా అంటున్నది తథాగతుని మహాపరినిర్వాణం జరిగిన కుశీనగరం అన్నాడు. తరువాత తవ్వకాల్లో ఈ మాటలు నిలబడ్డాయి. కపిలవస్తు విషయంలో మాత్రం ఆయన చూపిన చోటు తప్పయింది.

ఇప్పుడు మనం బస్సులు కట్టుకుని వెళ్లే తీర్థస్థలాలు ఇలా తిరిగి మన చేతికి వచ్చాయి. ఒక చైనా భిక్కు రాశాడు, ఫ్రెంచివాడు అనువదించాడు, ఇంగ్లీషువాడు వెతికాడు, బీహారు కూలీలు తవ్వారు. "మన వారసత్వం" అని గుండెమీద చెయ్యి వేసుకునేటప్పుడు ఈ నలుగురినీ తలుచుకోవాలి. దీనిలో సిగ్గుపడాల్సింది లేదు, రుణపడాల్సింది ఉంది.

ఒకే పుస్తకంలో రెండు మాటలు

సరే, ప్రయాణికుడు మేలు చేశాడు. అంతమాత్రాన ఆయన రాసిందల్లా తలకెత్తుకోవాలా? ఇక్కడ కాస్త నిదానంగా చూడండి.

ఫాహియాన్ మధ్యదేశం గురించి రాస్తూ, అక్కడి ప్రజలు సుఖంగా ఉన్నారన్నాడు. రాజు కఠిన శిక్షలు వేయడనీ, ప్రాణులను చంపరనీ, కల్లు తాగరనీ రాశాడు. ఆ వెంటనే ఇంకో మాట రాశాడు. చండాలురు మాత్రం వేరుగా ఉంటారు. వాళ్లు పట్నంలోకో బజారులోకో వచ్చేటప్పుడు కర్రతో చప్పుడు చేస్తూ రావాలి. ఆ చప్పుడు విని మిగతావాళ్లు తాకకుండా తప్పుకుంటారు.

గుప్తుల కాలం స్వర్ణయుగం అని మనం బడిలో చదువుకున్నాం. అందుకు సాక్ష్యంగా ఫాహియాన్ పేరు చెప్పడం మీరూ వినే ఉంటారు. సాక్షి రెండు మాటలు చెబితే ఒకదాన్నే ఎత్తి రాసుకోవడం ఏ న్యాయం? ప్రజలంతా సుఖంగా ఉన్నారట. మరి కర్ర చప్పుడు చేసుకుంటూ నడిచినవాడు ప్రజల్లోకి రాడా? స్వర్ణయుగం అన్నప్పుడు ఆ చప్పుడు ఎందుకు వినపడలేదు?

ఫాహియాన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ఆ చప్పుడు విన్నాడు, రాశాడు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన పండితులకు అది గాలి శబ్దంతో సమానం. రోజూ వినేది కాబట్టి రాయదగిన సంగతిగా తోచలేదు. కొత్త చెవికే అది వినపడింది. ఇంట్లోవాళ్లు అలవాటుపడి చూడలేని దాన్ని చూడగలగడం ప్రయాణికుడికి ఉన్న మొదటి యోగ్యత.

హ్యూయాన్‌త్సాంగ్ కూడా ఇలాంటిదే చూశాడు. కసాయివాళ్లు, చేపలు పట్టేవాళ్లు, ఆటపాటల వాళ్లు, తలారులు, పాకీపని చేసేవాళ్లు, వీళ్ల ఇళ్లకు గుర్తులు పెట్టి ఊరి బయట ఉంచారని, వీధిలో వస్తే ఎడమ పక్కకు ఒదిగి నడవాలని రాశాడు.

ఈ రెండు సాక్ష్యాలనూ పక్కపక్కన పెట్టి చదివిన మనిషి బోధిసత్వ బాబాసాహెబ్ అంబేడ్కర్. 1948లో వచ్చిన "ది అన్‌టచబుల్స్" పుస్తకంలో ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది: అంటరానితనం ఎప్పుడు పుట్టింది? అది ఎప్పుడూ లేదు, సృష్టితోపాటు వచ్చిందనే వాళ్లకు జవాబు చెప్పాలంటే కాలం తేల్చాలి. ఫాహియాన్ మాట తనకు అనుకూలంగా ఉంది కదా అని ఆయన దాన్ని ఎగబడి పట్టుకోలేదు. అది చండాలుల ఒక్కరి గురించే కాబట్టి దాన్నిబట్టి అంటరానితనం అప్పటికే స్థిరపడిందని చెప్పలేం అన్నారు. హ్యూయాన్‌త్సాంగ్ మాట చండాలులను దాటి ఇతర వర్గాలకూ వర్తిస్తుంది కాబట్టి ఆయన కాలానికి అది ఉందనవచ్చు అన్నారు. మిగతా ఆధారాలతో కలిపి చూసి, సుమారు 400 ప్రాంతంలో అది పుట్టిందని తేల్చారు.

దీని అర్థం ఏమిటో ఆలోచించండి. ఒక కాలంలో పుట్టిందంటే అంతకుముందు లేదు. అంతకుముందు లేనిది ఇకముందు ఉండనక్కర్లేదు. ఇద్దరు ప్రయాణికుల పుస్తకాల్లోని రెండు మూడు వాక్యాలు, సరిగ్గా చదివిన చేతిలో పడి, కోట్లాది మంది తమను తాము చూసుకునే తీరు మార్చాయి. "మేం పుట్టుకతో హీనులం" అన్న మాట పోయి "మమ్మల్ని ఒక కాలంలో పక్కకు నెట్టారు" అన్న మాట వచ్చింది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్న లక్షలమంది వెనక ఈ చదువు కూడా ఉంది.

పల్లకీలో ఉన్నవారు, పల్లకీ మోసినవారు

రాసినవాడు ఎవరు అన్నది ఎప్పుడూ అడగాలి. ప్రయాణం చేసిన ప్రతివాడూ రాయలేదు. రాయగలిగినవాడు సాధారణంగా అన్నం, నీడ, సేవ దొరికినవాడు.

మన తెలుగులో తొలి యాత్రా గ్రంథంగా పేరున్నది ఏనుగుల వీరాస్వామయ్య "కాశీయాత్ర చరిత్ర". మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. దారిలోని ఊళ్లు, నదులు, ధరలు, దొరికే సరుకులు, ఆచారాలు అన్నీ ఓపికగా రాశారు. ఆ రోజుల్లో తెలుగు దేశం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈనాటికీ ఆ పుస్తకం తెరవాల్సిందే. ఆయనది పల్లకీ ప్రయాణం, వెంట పెద్ద పరివారం. బోయీలు ఆ పల్లకీని భుజాన మోసుకుంటూ కాశీ దాకా నడిచారు. వాళ్లూ గంగను చూశారు. ఆ ఎండను, ఆ ఎత్తుపల్లాలను ఆయనకన్నా దగ్గరగా చూశారు. వాళ్లు రాసిన కాశీయాత్ర మనకు లేదు. ఒకే దారి, ఒకే రోజులు, రెండు యాత్రలు. ఒకటే పుస్తకమైంది.

రెండో యాత్రను పుస్తకం చేసినవారు కూడా బాబాసాహెబే. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా" అని ఆయన స్వయంగా రాసుకున్న చిన్న పుస్తకం ఉంది. అంటరానితనం అంటే ఏమిటో విదేశీయులకు అర్థమయ్యేలా చెప్పాలని రాశారు. దాన్ని ఎవరూ యాత్రా రచన అనరు గానీ, దానిలో ఉన్నవి చాలా వరకు ప్రయాణాలే. 1901 ప్రాంతంలో సాతారా నుంచి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పిల్లలు రైల్లో బయలుదేరారు. అప్పుడు ఆయనకు తొమ్మిదేళ్లు. కొత్త చొక్కాలు, జరీ టోపీలు. మసూర్ స్టేషన్లో దిగారు. మహర్ పిల్లలని తెలియగానే స్టేషను మాస్టరు ముఖం మారిపోయింది. బండి తోలడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. చివరికి ఒకడు రెండింతల కిరాయికి ఒప్పుకుని, బండి మీరే తోలుకోండి, నేను పక్కన నడుస్తానన్నాడు. ఆ రాత్రి తినడానికి తిండి ఉంది, తాగడానికి నీళ్లు దొరకలేదు. 1934లో తన వాళ్లతో కలిసి దౌలతాబాద్ కోట చూడటానికి వెళ్తే, అక్కడి చెరువు నీళ్లతో ముఖాలూ కాళ్లూ కడుక్కున్నందుకు గొడవ జరిగింది.

దౌలతాబాద్ కోట గురించి రాసిన యాత్రికులు ఎందరో ఉన్నారు. కోట ఎత్తు రాశారు, కందకం లోతు రాశారు. ఆ చెరువు దగ్గర ఏం జరుగుతుందో దాహం వేసి కూడా ఆగిపోయిన మనిషి రాశాకే తెలిసింది. కోట మన వారసత్వం అయితే ఆ చెరువూ మన వారసత్వమే. ఒకదాన్ని బోర్డు మీద రాసి రెండోదాన్ని వదిలేస్తే అది సగం చరిత్ర.

ధమ్మం ఇచ్చిన కొలబద్ద

మరి సరైన రాత ఏది? దీనికి కొత్త సూత్రాలు వెతకనక్కర్లేదు. సమ్మా వాచా గురించి తథాగతుడు చెప్పినదానిలోనే జవాబు ఉంది. అబద్ధం ఆడకపోవడం అంటే మనం చాలా మోటుగా అర్థం చేసుకుంటాం. బుద్ధుడు దాన్ని సన్నగా విడదీశాడు. చూడనిదాన్ని చూడలేదని చెప్పాలి. విననిదాన్ని వినలేదని చెప్పాలి. అనుభవించనిదాన్ని అనుభవించలేదని, తెలియనిదాన్ని తెలియదని చెప్పాలి. ఇలా మాట్లాడటం ఆర్యుల వ్యవహారం అన్నాడు. ఆర్యులంటే ఇక్కడ జాతి కాదు, శీలం ఉన్నవాళ్లు.

ఈ కొలబద్దతో మన ఇద్దరు భిక్కులనూ కొలిచి చూడండి. ఫాహియాన్ దక్షిణదేశంలో పావురం పేరుగల ఒక గొప్ప విహారం గురించి రాశాడు. పెద్ద కొండను తొలిచి అయిదు అంతస్తులుగా కట్టారనీ, ఒక్కో అంతస్తు ఒక్కో జంతువు ఆకారంలో ఉంటుందనీ చెప్పాడు. చదువుతుంటే కళ్లకు కట్టినట్టు ఉంటుంది. చివర ఒక మాట కలిపాడు: నేను అక్కడికి వెళ్లలేకపోయాను, ఆ దేశపువాళ్లు చెప్పింది విని రాస్తున్నాను అని. ఆ ఒక్క మాట రాయకపోయినా అడిగేవాడు లేడు. చైనాలో ఎవరు వచ్చి సరిచూస్తారు? అయినా రాశాడు. అది శీలం.

హ్యూయాన్‌త్సాంగ్ ధాన్యకటకం దగ్గర పూర్వశైల, అపరశైల విహారాలు నూరేళ్లుగా భిక్కులు లేక ఖాళీగా ఉన్నాయని రాశాడు. కొండ దేవత తోడేలుగా, కోతిగా రూపం మార్చి భయపెట్టడంవల్ల అలా అయ్యాయని కారణం చెప్పాడు. ఖాళీ విహారం కళ్లకు కనిపించింది. తోడేలు కథ చెవిన పడింది. మనం మొదటిదాన్ని సాక్ష్యంగా తీసుకుంటాం. రెండోదాన్ని, ఆ రోజుల్లో జనం ఏం చెప్పుకునేవారో తెలిపే మాటగా మాత్రమే తీసుకుంటాం. విహారాలు ఎందుకు పాడుబడ్డాయో అసలు కారణాలు వేరే వెతుక్కోవాలి.

ఇంకోటి కూడా గమనించాలి. ఆ పుస్తకాన్ని ఆయన చక్రవర్తి అడిగితే రాశాడు. రాజుకు కావలసింది దేశం చుట్టుకొలత, పంట, జనం తీరు. అందుకని ప్రతి దేశానికీ జనం ఇలాంటివాళ్లు అని ఒక్క వాక్యం పెట్టాడు. ధాన్యకటకం వాళ్లు నల్లగా ఉంటారట, ఉగ్రస్వభావులట, చదువంటే ఇష్టపడతారట. చదువు మాట చూసి మనం మురిసిపోతాం, ఉగ్రస్వభావం మాట చూసి చిన్నబుచ్చుకుంటాం. ఒక దేశంలోని మనుషులందరికీ ఒకే స్వభావం ఉండదని మనకు తెలియదా? మురిపెమూ వద్దు, చిన్నబుచ్చుకోవడమూ వద్దు.

కాలాములకు బుద్ధుడు చెప్పింది ఇదే కదా. పుస్తకంలో ఉందని నమ్మకండి, పెద్దవాడు చెప్పాడని నమ్మకండి, మీరు పరీక్షించి చూడండి అని. ఏహి పస్సికో, వచ్చి చూడు అన్న పిలుపులోనే ప్రయాణం ఉంది. ఊరికే రమ్మనలేదు, చూడమన్నాడు.

గుర్తింపును ఎలా పట్టుకోవాలి?

ఇక్కడ మీలో ఒకరికి ఒక సందేహం రావాలి. అనత్త అని చెప్పే ధమ్మంలో ఉంటూ మన జాతి, మన వారసత్వం, మన గుర్తింపు అని పట్టుకు వేలాడటం ఏమిటి? అదీ ఒక తణ్హా కాదా?

మంచి సందేహమే. ముందు ఒక సంగతి చూద్దాం. ఫాహియాన్‌తోపాటు మధ్యదేశం చేరిన స్నేహితుడు ఒకడున్నాడు, పేరు తావోచింగ్. ఇక్కడి భిక్కుల వినయం చూసి, తన దేశం ధమ్మానికి దూరంగా ఉన్న సరిహద్దు నేల అని బాధపడి, ఇక తిరిగి వెళ్లనని ఇక్కడే ఉండిపోయాడు. ఫాహియాన్ గ్రంథాలు తన వాళ్లకు చేర్చాలని ఒంటరిగా బయలుదేరాడు. సింహళంలో ఒక రోజు, బుద్ధ విగ్రహం ముందు ఒక వర్తకుడు చైనా తెల్ల పట్టు విసనకర్రను సమర్పించడం చూశాడు. ఇల్లు వదిలి ఏళ్లయింది, వెంట వచ్చినవాళ్లలో కొందరు చనిపోయారు, కొందరు ఉండిపోయారు. ఆ విసనకర్ర చూసేసరికి కళ్లనీళ్లు వచ్చాయని ఆయనే రాసుకున్నాడు.

ఆ కన్నీళ్లు తప్పని ఎవరం అనగలం? స్వదేశం మీద మమకారం ఉన్న మనిషే దాన్ని మోసుకుంటూ పరాయి నేలకు నమస్కరించాడు. మమకారం ఆయనను అడ్డగించలేదు, ఇంటికి గ్రంథాలు మోయించింది.

బుద్ధుడు తెప్ప ఉపమానం చెప్పాడు. ఏరు దాటడానికి తెప్ప కట్టుకోవాలి. దాటాక దాన్ని నెత్తిన పెట్టుకు తిరగకూడదు. గుర్తింపు కూడా అంతే. అయితే ఒక మాట చేర్చాలి. ఏరు దాటనివాడితో "తెప్ప వదిలెయ్" అనడం ధర్మం కాదు. పేరు, చరిత్ర, ఊళ్లో చోటు పోగొట్టుకున్నవాడు తన పేరు వెతుక్కోవడం ఒకటి. అన్నీ ఉన్నవాడు "మేమే గొప్ప" అని ఇతరుల మీద కూర్చోవడం ఇంకొకటి. మొదటిది దుఃఖాన్ని తగ్గిస్తుంది. రెండోది దుఃఖాన్ని పెంచుతుంది. ఈ తేడా మరిచిపోతే, రేపు మనం కూడా రెండో గట్టున కూర్చుంటాం.

అమరావతి రాళ్లలోనే దీనికి మంచి పాఠం ఉంది. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, 1859లో లండన్ వెళ్లాయి. వాటికి చాలాకాలం "ఎలియట్ మార్బుల్స్" అనే పేరు నడిచింది. అది పాలరాయీ కాదు, ఎలియట్‌దీ కాదు. పల్నాడు సున్నపురాయి, మన శిల్పులు చెక్కింది. దారినపోయేవాడు పెట్టిన పేరు ఇంకొకటి.

కానీ ఆ స్తూపం రాళ్లమీద, ఇచ్చినవాళ్ల పేర్లు వాళ్లే చెక్కించుకున్నారు. వాటిలో ఒకటి విధికుడు అనే చర్మకారుడిది. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకునని చెప్పుకున్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం ఇచ్చానని రాయించాడు. తోలు పని చేసేవాడు, అతని తండ్రి చదువు చెప్పేవాడు. ఇద్దరి పేర్లూ మహాచైత్యం మీద ఉన్నాయి. ఏ ప్రయాణికుడూ వచ్చి చెప్పాల్సిన పని లేకుండా, తానెవరో తానే చెప్పుకున్నాడు. మనకు దొరికిన అన్ని రాతల్లో నేను ఎక్కువ విలువిచ్చేది ఈ రాతకే.

నాగార్జునకొండలో 3వ శతాబ్దపు ఉపాసిక బోధిశ్రీ శాసనం ఉంది. సింహళ భిక్కుల కోసం చేసిన దానం అది. ఆ భిక్కులు ధమ్మంతో సంతోషపెట్టిన దేశాలంటూ కాశ్మీరం, గాంధారం, చీనా, తోసలి, వంగం, వనవాసి, యవన, ద్రవిడ దేశాల పేర్లు వరసగా చెక్కించింది. ఒక తెలుగు నేల ఇల్లాలు ఇంత లోకాన్ని తన రాయి మీద పెట్టుకుంది. మన వారసత్వం గోడ కట్టుకున్న ఇల్లు కాదని, ఎన్నో దారులు కలిసిన చోటని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మీరు వెళ్లినప్పుడు

ఈసారి మీరు గుంటూరులో బస్సెక్కి అమరావతి వెళ్లినా, బుద్ధగయకు రైలెక్కినా ఈ నాలుగు పనులు చేసి చూడండి.

ఒకటి, ఫోటో కన్నా ముందు ఒక పావుగంట ఊరికే కూర్చోండి. శ్వాసను గమనించండి. మనసు నెమ్మదించాక కళ్లు తెరిచి చూడండి. తొందరలో చూసినవాడు బోర్డు మీద ఉన్నదే చూస్తాడు.

రెండు, రాసేటప్పుడు చూసింది వేరుగా, విన్నది వేరుగా రాయండి. "గైడు ఇలా చెప్పాడు" అని రాస్తే మీ గౌరవం తగ్గదు. విన్నదాన్ని చూసినట్టు రాస్తే మాత్రం శీలం తగ్గుతుంది.

మూడు, మహాచైత్యం ఎంత ముఖ్యమో, దాని గేటు దగ్గర కొబ్బరి బొండాలు అమ్మే అమ్మ, గడ్డి పీకే కూలీ కూడా అంతే ముఖ్యం. ఆమెను పేరు అడగండి. ఆ దిబ్బను వాళ్ల నాయనమ్మ ఏమనేదో అడగండి. పుస్తకాల్లో లేనిది వాళ్ల నోట ఉంటుంది. ఆమె ఒప్పుకుంటేనే రాయండి.

నాలుగు, ఇంటికి వచ్చాక మీ సొంత ఊరి గురించి ఒక పేజీ రాయండి. ఏ బావి దగ్గర ఎవరిని ఆపేవారు, ఏ వీధి ఎప్పుడు కలిసింది, ఏ దిబ్బకు ఏ పేరు. పెద్దవాళ్లు ఉండగానే అడిగి రాయండి. చదువురాని తాత చెబుతుంటే మనవరాలు రాయవచ్చు. తేదీ వేయండి, చెప్పినవారి పేరు రాయండి. విధికుడు చేసింది ఇదే. అతను రాతిమీద చేశాడు, మీరు నోటుబుక్కులో చేయండి.

మన ఊరి గురించి మనం రాయకపోతే, ఏదో ఒక రోజు దారినపోయేవాడు వచ్చి పేరు పెడతాడు. అతను ఫాహియాన్ లాంటివాడైతే మన అదృష్టం. కాకపోతే ఏమవుతుందో భట్టిప్రోలు దిబ్బ ఇదివరకే చెప్పింది.

నమో బుద్ధాయ. జై భీమ్.